ఫుల్‌బ్యాక్‌కు బదులుగా

చిత్తూరులో నన్నెరిగిన వాళ్ళంతా నాకు హాకీ పిచ్చి అనుకునేవాళ్ళు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. నేను జన్మలో హాకీ కర్ర పట్టింది లేదు. ఐరాల దగ్గర మా పల్లెలో మాకు తెలిసిన ఆట బిళ్ళంగోడు ఒక్కటే. కలెక్టరాఫీసులో గుమాస్తా పని దొరికి చిత్తూరుకు వచ్చాకే హాకీ అనేది ఒకటి ఉందని చూశాను. అదైనా ఆట మీద మోజుతో కాదు. సాయంత్రం ఆఫీసు వదిలాక ఎక్కడికి పోవాలో తెలియక, మైదానం దగ్గర జనం కనిపిస్తే పోయి నిలబడ్డాను.

యుద్ధం ముగిసీ ముగియని రోజులవి. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాకు ఉద్యోగం వచ్చిన ఏడే నాయన పోయాడు. అన్న ఉన్నాడు గానీ, ఎప్పుడైనా వాళ్ళింటికి పోతే వదిన ‘ఎప్పుడొచ్చినావబ్బా’ అనకుండా ‘ఎప్పుడు పోతావబ్బా’ అని అడిగేది. ఒకటి రెండు సార్లు విన్నాను. తర్వాత పోవడం మానేశాను. నాకు రోషం కొంచెం ఎక్కువ. దానివల్ల బాగుపడింది మాత్రం ఏమీ లేదు.

గ్రీమ్స్‌పేటలో ఒక గది, ఒక ట్రంకు పెట్టె, ఒక కూజా. భోజనం మెస్సులో. ఆదివారం వచ్చిందంటే, వడ్డించేవాడితో ‘చాలు’ అనడం తప్ప ఇంకో మాట నోట్లోంచి వచ్చేది కాదు. సోమవారం పొద్దున ఆఫీసులో మొదటి మాట గొంతు పెగలక బొంగురుగా వచ్చేది. పక్క సీటాయన ‘జలుబు చేసిందా’ అని అడిగితే అవునని చెప్పేవాణ్ని. వేరే ఏం చెప్పను?

పోలీసు మైదానానికి ఎదురుగా ఒక కాఫీ క్లబ్బు ఉండేది. చక్కెర కంట్రోలు రోజులు కాబట్టి దాంట్లో దొరికేది బెల్లం కాఫీ. దాని ముందు ఒక పొడుగాటి బెంచీ. ఆ బెంచీ మీద సాయంత్రమయితే ముగ్గురు పెద్దమనుషులు చేరి మా ఊరి హాకీ జట్టు గురించి కొట్లాడుకునేవాళ్ళు. ఒకాయన మా ఆఫీసు శిరస్తాదారు. గుమాస్తాలందరికీ పైవాడు, కలెక్టరు దొర దగ్గర మాట చెల్లుబడి ఉన్నవాడు. ఇంకొకాయన ప్లీడరు గుమాస్తా. కోర్టులో ప్లీడరు మాట్లాడాల్సిందంతా ఈయన బెంచీ మీద మాట్లాడేవాడు. మూడో ఆయనకు బజారులో జవళి అంగడి. ఆట ఉన్న రోజు అంగడి తమ్ముడికి వదిలేసి వచ్చేవాడు.

ఒకరోజు ఏదో మ్యాచిలో అవతలి జట్టువాడు కర్ర భుజం పైకెత్తి బంతిని కొట్టాడు. అది తప్పు. అంపైరు చూడలేదు. నేను నాకు తెలియకుండానే ‘స్టిక్స్’ అని గట్టిగా అరిచాను. ప్లీడరు గుమాస్తా చటుక్కున నా వైపు తిరిగి, “సూసినావా అబ్బా! నువ్వూ సూసినావా! ఊర్లో కండ్లున్నోడు ఇంకొగడు ఉండాడప్పా. రా, ఇట్ట వచ్చి కూసో” అని జరిగి చోటిచ్చాడు. అంతే. ఆ రోజు నుంచి బెంచీ చివర నాకు జానెడు చోటు ఖాయమయింది. ఎప్పుడైనా ఆఫీసులో పని పడి పోలేకపోతే, మర్నాడు జవళి అంగడాయన “యాడికి పోయినావప్పా నిన్న?” అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్న వినడానికే నేను చిత్తూరులో బతికాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు. నన్ను అట్లా అడిగేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

ఇక జట్టు సంగతి. మా ఊరికి ఫార్వర్డులు బలే ఉండేవాళ్ళు. లెఫ్ట్ ఇన్నుగా ఆడే కుర్రవాడు మా ఆఫీసు గుమాస్తానే. బంతి వాడి కర్రకు తగులుకుంటే ఇక ఊడేది కాదు. మా ఖర్మంతా వెనక. గోలుకీపరుకు ముందర నిలబడే ఇద్దరు ఫుల్‌బ్యాకుల్లో ఒకాయనకు పొట్ట, ఇంకొకాయనకు భయం. మా వాళ్ళు ముందర చెమటోడ్చి గోలు మీద గోలు కొడుతుంటే, వీళ్ళిద్దరూ వెనక దారి ఇచ్చి పంపించేవాళ్ళు. ఆ ఏడు కప్పు ఆఖరి మ్యాచి వేలూరు జట్టుతో. విరామానికి మా వాళ్ళదే పైచేయి. తర్వాత వేలూరు వాళ్ళు వరసగా కొట్టుకుంటూ పోయారు. ఆ రోజు బెంచీ మీద ఎవరూ కాఫీ తాగలేదు. ప్లీడరు గుమాస్తా నోట కూడా మాట రాలేదు. నాకైతే దుఃఖమే వచ్చింది. ఓడినందుకు కాదు, వాళ్ళు మాట్లాడనందుకు.

మరునాటి నుంచి మొదలైంది చర్చ. బ్యాక్ కావాలి. ఎక్కడి నుంచి తేవాలి? ఎవరిని ఇచ్చి తెచ్చుకోవాలి?

పాకాల రైల్వే వాళ్ళ దగ్గర ఒక ఫైర్‌మన్ ఉన్నాడు, కొండ పడ్డా కదలడు అని ప్లీడరు గుమాస్తా అన్నాడు. రైల్వే వాళ్ళు ఊరికే ఇస్తారా, మన సెంటర్ ఫార్వర్డును ఇమ్మంటారు అని శిరస్తాదారు అన్నాడు.

“ఇస్తే ఏమప్పా?” అన్నాడు ప్లీడరు గుమాస్తా. “గోలు కొట్టకపోయినా పరవాల్యా, కొట్టించుకోకుంటే సాలు.”

జవళి అంగడాయనకు మండిపోయింది. “నీకు మతి ఉండాదా? సెంటర్ ఫార్వర్డును ఇచ్చి బ్యాకును తెచ్చుకునేది, తలుపుకు గొళ్ళెం కొనుక్కోను ఇంట్లో ఉండే సామాన్లు అమ్ముకున్నట్టు ఉండాది.”

ఇట్లా రోజుకొక పేరు. వేలూరు మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు ఒకాయన ఉన్నాడన్నారు. ఆయనకు ఇక్కడ బడిలో పని ఎవరిస్తారు? పోలీసుల్లో ఒకడున్నాడన్నారు. పోలీసోళ్ళు ఇస్తే మన కొంప ముంచను ఇస్తారు గానీ బాగు చేయను కాదు అని జవళి అంగడాయన కొట్టిపారేశాడు. నేనూ నోరు చేసుకునేవాణ్ని. ఎవరైనా లెఫ్ట్ ఇన్ను పేరెత్తితే నాకు ఒళ్ళు మండేది. వాణ్ని ఇచ్చేస్తే ఇంక ఆట చూసేదెందుకని తిట్టినంత పని చేసేవాణ్ని. ఆ కోపం చూసి వాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. నా బతుకులో నేను గట్టిగా మాట్లాడింది ఆ కొద్ది నెలలే.

చివరికి మాట శ్రీకాళహస్తి మీద నిలిచింది. అక్కడి తాలూకాఫీసులో ఒక గుమాస్తా ఫుల్‌బ్యాక్ ఆడుతున్నాడు. ఒట్టి కాళ్ళతో ఆడతాడు, కొట్టాడంటే బంతి ఈ గోలు నుంచి ఆ గోలుకు పోతుంది, మనిషి మాత్రం తగవులకు పోడు. శిరస్తాదారు జమాబందీకి, అంటే శిస్తు లెక్కల తనిఖీకి, పోయినప్పుడు కళ్ళారా చూసి వచ్చాడు. చిత్తూరు జట్టులో ఆడాలని అతనికీ ఆశేనట, తేవడానికి దారి కూడా ఉంది. ఇప్పటి వాళ్ళకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో మా వైపు ఆటగాళ్ళు చేతులు మారేది ఆఫీసు కాగితాల మీదే. ఒకే తరగతి గుమాస్తాలు ఇద్దరు మాకిష్టమే అని అర్జీలు పెట్టుకుంటే ఊళ్ళు మార్చుకోవచ్చు. దాన్ని మ్యూచువల్ అనేవాళ్ళు. ఎవరికి ముసలి తల్లి ఉంది, ఎవరికి నీళ్ళు పడలేదు అని అర్జీలో ఏదో ఒకటి రాసేవాళ్ళు. నిజానికి అవతల జరుగుతున్నది ఒక సెంటర్ హాఫుకు ఒక గోలుకీపరు బేరం.

కాళహస్తి ఆయనకు బదులు మా ఆఫీసు నుంచి ఒక గుమాస్తా పోవాలి. లెఫ్ట్ ఇన్నా? నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. రైట్ హాఫ్ అయితే? వాడు పోతే వెనక ఒక బొక్క పూడ్చి పక్కన ఇంకో బొక్క చేసుకున్నట్టు. ఇట్లా కిందా మీదా పడుతుంటే, ప్లీడరు గుమాస్తా కాఫీ గ్లాసు కింద పెట్టి ఒక్కసారిగా నవ్వాడు.

“మనమెంత తెలివిమాలినోళ్ళమప్పా! ఆడేవాణ్నే ఎందుకియ్యల్ల? ఆఫీసుకు కావల్సింది గుమాస్తా. గుమాస్తా అయితే సాలు గదా?” అని మెల్లగా నా వైపు తిరిగాడు. “ఈయప్ప ఉండాడు గదా!”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ముగ్గురూ నన్నే చూస్తున్నారు. జవళి అంగడాయన తొడ చరుచుకున్నాడు. “ఒక్కడన్నా తగ్గకుండా బ్యాకు వచ్చేస్తాడు! అబ్బబ్బ, ఇన్నాళ్ళూ పక్కనే పెట్టుకోని ఊరంతా ఎతికినాం గదరా దేవుడా!”

“తరగతి సరిపోతాది,” అన్నాడు శిరస్తాదారు, లెక్కగట్టుకుంటూ. “సర్వీసూ సరిపోతాది.”

“నీకేమప్పా,” అన్నాడు ప్లీడరు గుమాస్తా నా భుజం మీద చెయ్యేసి. “పెండ్లామా, బిడ్డలా? పెట్టె ఎత్తుకుంటే సరి.”

వద్దని నోటిదాకా వచ్చింది. ఆ ముగ్గురిలో ఎవరో ఒకరు ‘ఈయప్ప పోతే మనకు బాగుండదప్పా’ అంటారేమోనని చూశాను. చూస్తూనే ఉన్నాను. శిరస్తాదారు మాత్రం “బలవంతం ల్యాదు. ఒక్క ఏడే. కప్పు కొట్టినాక నిన్ను తిరిగి తెచ్చుకునేది నా పూచీ” అన్నాడు. ముగ్గురూ నా మొహంలోకి చూశారు. ఎంత ఆశగా చూశారంటే, నా జన్మలో నన్ను అంత ఇష్టంగా ఒకేసారి ముగ్గురు చూసింది అప్పుడే. ఆ చూపు కోసం ఒప్పుకున్నాను. ఒక్క ఏడే గదా, మళ్ళీ ఈ బెంచీ మీదికే గదా వచ్చేది అని నాకు నేనే చెప్పుకున్నాను. అందరూ కలిసి నాకు బోండాలు తినిపించారు.

చిత్తూరులో రైలెక్కితే పాకాల, తిరుపతి, రేణిగుంట దాటి అదే రైలు కాళహస్తికి పోతుంది. దిగి ఆఫీసుకు పోతే, హెడ్డు గుమాస్తా నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

“మా బ్యాకును తీసుకోని ఇచ్చింది నిన్నేనా?”

“అవునండీ.”

“ఏ ప్లేసులో ఆడతావు?”

“నేను ఆడనండీ. సూస్తాను.”

ఆఫీసు మొత్తం గొల్లుమంది. ఆ పూట సాయంత్రానికే ఊరంతా పాకింది. నేను కాఫీ హోటలుకు పోతే అక్కడి ఆయన గ్లాసు నా ముందర టక్కుమని పెట్టి, “సూడు, బాగా సూడు” అని పోయాడు. వాళ్ళ కడుపుమంట నాకు తెలుసు. మా ఊరికి అదే పని ఎవరైనా చేసి ఉంటే నేనూ ఊరుకునేవాణ్ని కాదు. అయినా కొన్నాళ్ళు మైదానానికి పోయాను. అలవాటైన కాళ్ళు ఊరుకోవు గదా. కాళహస్తి జట్టు గోలులోకి బంతి పోయిన ప్రతిసారీ, ఆడేవాళ్ళను తిట్టడం మానేసి నలుగురైదుగురు వెనక్కి తిరిగి నా మొహం చూసేవాళ్ళు. ఆ ఏడు వాళ్ళ గోలులోకి బంతి పోవడం తక్కువేం కాదు. పోనుపోను నేనే మైదానం వైపు పోవడం మానుకున్నాను.

తర్వాత సాయంత్రాలు స్వర్ణముఖి ఇసుకలో కూర్చునేవాణ్ని. ఆ ఏటి ఒడ్డున కలంకారీ అద్దేవాళ్ళు గుడ్డలు ఉతికి ఆరేసుకునేవాళ్ళు. అవి ఎండాక మడతలు పెట్టుకుని వాళ్ళు వెళ్ళిపోయేదాకా చూసేవాణ్ని. వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు చానా మాట్లాడుకునేవాళ్ళు. నాతో మాట్లాడాల్సిన పని వాళ్ళకేముంది? ఆ గుడ్డల మీది బొమ్మలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి గానీ, ఆ ఊళ్ళో ఒక్క మనిషి పేరు పెట్టి నన్ను పిలిచిన పాపాన పోలేదు. చిత్తూరులో నా గది చిన్నదే, ఇక్కడి గది పెద్దది. పెద్ద గదిలో ఒంటరితనం మరీ ఘోరం.

ఆ ఊళ్ళో నా తలుపు తట్టిన మనిషి ఒక్కడే. ఎవరో కాదు, నాకు బదులు చిత్తూరు పోయిన ఆ ఫుల్‌బ్యాకే. అతని పెళ్ళాం నిండు నెలలతో కాళహస్తిలోనే ఉండిపోయింది. అందుకని శనివారం ఆఫీసు అవగానే రైలెక్కి ఇంటికి వచ్చేవాడు. మొదటిసారి వచ్చి గుమ్మం బయటే నిలబడి, “అన్నా, నా మూలాన నీకు కష్టమయింది” అన్నాడు. ఎత్తైన మనిషి, గుమ్మానికి తల తగులుతుందేమోనని వంగి నిలబడ్డాడు. నాకు అతని మీద కోపం తెచ్చుకోవాలని ఉండేది. ఎట్లా తెచ్చుకోను? నన్ను అన్నా అన్న మొదటి మనిషి.

వచ్చిన ప్రతిసారీ అరుగు మీద కూర్చోబెట్టి బెంచీ కబుర్లన్నీ అడిగేవాణ్ని. ప్లీడరు గుమాస్తా ఎవరిని తిట్టాడు, జవళి అంగడాయన ఏమన్నాడు, లెఫ్ట్ ఇన్ను ఎట్లా ఆడుతున్నాడు. అంతా విన్నాక, ఏదో గుర్తొచ్చినట్టు, ఉత్తుత్తిగా అడిగేవాణ్ని.

“నన్నేమైనా అడిగినారా?”

అతను ఒక్క క్షణం ఆగేవాడు. “అడిగినారన్నా. ఎట్టుండాడని అడిగినారు. ఈయప్ప ల్యాకుంటే బెంచీ బోసిగా ఉండాది అన్నారు.”

ఆ మాట పట్టుకుని నేను మళ్ళీ శనివారం దాకా ఉండేవాణ్ని. ఆఫీసులో ఎవడైనా ఎగతాళి చేస్తే, పోరా, నాకు చిత్తూరులో బెంచీ ఉండాది, అక్కడ నన్ను తలుచుకునేవాళ్ళు ఉన్నారు అని మనసులో అనుకునేవాణ్ని.

కప్పు ఆఖరి మ్యాచికి సెలవు పెట్టి చిత్తూరు పోయాను. మళ్ళీ ఆ వేలూరు జట్టే. మా ఫుల్‌బ్యాక్ ఆ రోజు ఆడిన ఆట నేను మళ్ళీ చూడలేదు. ఒట్టి కాళ్ళతో ఆ గరుసు నేల మీద నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టే తిప్పి పంపించాడు. మా లెఫ్ట్ ఇన్ను ఒక్క గోలు కొట్టాడు. అది చాలింది. ఆఖరున వేలూరు వాళ్ళకు షార్ట్ కార్నర్ దొరికింది. మా ఫుల్‌బ్యాక్ గోలుకు అడ్డంగా దూకి బంతికి కర్ర అడ్డం పెట్టాడు, అది ఎగిరి అతని మోకాలికి కొట్టుకుంది. ఎముక మీద తగిలిన చప్పుడు గట్టు మీద ఉన్న మాకు వినిపించింది. ఆట ముగిసినట్టు ఈల ఊదారు. కప్పు మాది. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఎవరో తెలియనివాణ్ని పట్టుకుని ఏడ్చేశాను కూడా.

బెంచీ దగ్గర ఇసక వేస్తే రాలని జనం. వెనక నిలబడి, వాళ్ళు నన్ను చూసే దాకా ఆగాను. జవళి అంగడాయన చూశాడు.

“ఓ, నువ్వూ వచ్చినావా! సంతోషమప్పా. మళ్ళీ ఏ రైలుకు పోతావు?”

నాకు చురుక్కుమంది. జనం గోలలో మనిషి ఏదో అంటాడు, దానికి పెడర్థం తీయకూడదని సర్దుకున్నాను. శిరస్తాదారు చెవి దగ్గరికి పోయి, “అయ్యా, నా సంగతి” అన్నాను. “ఉండాది ఉండాది, మతిలో ఉండాది. మోకాలు సంగతి తేలనీ” అన్నాడు. సరేనని రైలెక్కాను. ఒక్క ఏడు అన్నారు, ఏడు గడిచింది, కప్పు వచ్చింది. ఇంక కాళహస్తిలో ఎన్నాళ్ళో ఉండనక్కర్లేదని ఆ రైలులో నాకు నిద్రే పట్టలేదు.

మోకాలు బాగుపడలేదు. శనివారాల్లో అతను కుంటుకుంటూ వచ్చేవాడు. ఇక పరిగెత్తే ఆట ఆడొద్దని డాక్టరు చెప్పేశాడట. ఇంట్లో నెలల బిడ్డ. “ఇంటికి వచ్చేస్తానన్నా. ఆట పోయినాక నాకు ఆడ ఏం పని?” అన్నాడు. ఆ మాట వినగానే, పాపం అనాల్సింది పోయి నా గుండె ఎగిరి గంతేసింది. అతను ఇటు, నేను అటు! ఎంత సులువు! ఒక్క కాగితం చాలు. ఆ వారమే పండగ సెలవు వస్తే, ఇద్దరం కలిసి చిత్తూరు పోయాం. రైలులో నేనే వాగుతూ కూర్చున్నాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ ఊ కొడుతున్నాడు.

మధ్యాహ్నం ఎండ దిగాక బెంచీకి పోయాం. ముగ్గురూ ఉన్నారు. మమ్మల్ని చూడగానే ప్లీడరు గుమాస్తా చేతులు చాచి లేచాడు.

“రాండి రాండి! మీ ఇద్దరి కోసమే సూస్తా ఉండాము. అంతా కుదిరిపోయినాది!”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శిరస్తాదారు చొక్కా జేబులోంచి కాగితాలు తీశాడు. టైపు కూడా కొట్టించి పెట్టాడు. మదనపల్లె ఖజానా ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడట. బ్యాక్ ఆడతాడట. మోకాళ్ళు గట్టివట. అతను చిత్తూరుకు వస్తాడు. మోకాలు పోయిన మన ఫుల్‌బ్యాక్ కాళహస్తికి, తన ఇంటికి పోతాడు. కాళహస్తిలో ఉన్న నేను మదనపల్లెకు పోతాను.

“మూడు ఊర్లు, ముగ్గురు మనుషులు, ఒక్క దెబ్బకు!” అన్నాడు జవళి అంగడాయన. “ఇట్టాంటి బేరం మద్రాసులో గూడా జరిగుండదు.”

నేను కాగితం వైపు చూశాను. నా పేరు ఉంది. దాని పక్కన మదనపల్లె అని ఉంది.

“అయ్యా, నేను ఈడికి వచ్చేస్తాను గదా. ఏడు అయిపోయినాది. మీరే అన్నారు” అన్నాను.

శిరస్తాదారు మొహమాటపడ్డాడు. ప్లీడరు గుమాస్తాకు అదేం లేదు. “నువ్వు ఈడికొస్తే బ్యాకు ఎట్ట వస్తాడప్పా? సీటు ఒక్కటే గదా. నువ్వొచ్చి ఆడతావా?”

ఒళ్ళంతా భగ్గుమంది. “ఆడను. నేనేం ఆడేదానికి వస్తానని సెప్పలా. మనిషిని అడగాల్నా వద్దా? నేనేమన్నా మీ జవళి అంగట్లో గుడ్డ ముక్కనా, ఈడ కత్తిరించి ఆడ అతికించను?” అని అరిచాను. కాఫీ క్లబ్బు లోపలి నుంచి తలలు బయటికి వచ్చాయి.

“కోప్పడొద్దప్పా,” అన్నాడు శిరస్తాదారు. “ఈ కాగితాలు మూడూ కలిసి పోతేనే దొర ఒప్పుకునేది. నువ్వు కాదంటే ఈయప్ప కూడా ఈడనే ఉండల్ల.”

“నేను ల్యాక బెంచీ బోసిపోయింది అన్నారంట గదా,” అన్నాను. “ప్రతి వారం నన్ను అడుగుతా ఉన్నారంట గదా.”

“ఎవురన్నారు?” అన్నాడు జవళి అంగడాయన, నిజంగానే తెలియక. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేను ఫుల్‌బ్యాక్ వైపు తిరిగాను. అతను తల దించుకున్నాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, నేల చూస్తూ, “వద్దులే అన్నా. నీకు ఇష్టం ల్యాకుంటే సంతకం పెట్టొద్దు. నేను శనివారాలు వచ్చి పోతా ఉంటాను” అన్నాడు.

ఎన్ని శనివారాలు, ఎన్ని అబద్ధాలు! అరుగు మీద ఆ ఒక్క క్షణం అతను ఎందుకు ఆగేవాడో అప్పుడు తెలిసింది. నా మీద ఇంత జాలిపడి, రైలులో వచ్చేటప్పుడు నాకోసం రెండు మాటలు కల్పించుకుని వచ్చిన మనిషి అతనొక్కడే. ఆ బిడ్డను వారానికొకసారి చూసుకోమని అతనికి నేనెట్లా చెప్పను?

అయినా ఒక్క మాట అనకుండా ఉండలేకపోయాను. రోషం అంతా ఎటు పోయిందో, చిన్నపిల్లవాడిలా అడిగాను. “నాకు హాకీ అంటే అంత ఇది ఏమీ ల్యాదప్పా. మీ పక్కన కూసునేదానికి వస్తా ఉన్నా. నాకు మీరు కావల్ల.”

ప్లీడరు గుమాస్తా నా వీపు మీద ప్రేమగా తట్టాడు. తట్టి అన్న మాట కూడా అతను మంచి మనసుతోనే అన్నాడు, అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

“దానికెందుకప్పా అంత బాధ? మేం యాడికి పోతాం? ఈడనే ఉంటాం గదా.”

కలం అడిగి తీసుకుని సంతకం పెట్టాను. ఫుల్‌బ్యాక్ నా చెయ్యి పట్టుకున్నాడు. శిరస్తాదారు సిరా ఆరేదాకా కాగితాన్ని ఊదాడు. నాకు కాఫీ చెప్పారు. అది వచ్చి, తాగి, గ్లాసు కింద పెట్టి నేను లేచేసరికి వాళ్ళు లెఫ్ట్ హాఫ్ గురించి వాదించుకుంటున్నారు. ఆయన కాలు జాస్తి నెమ్మది, మార్చక తప్పదు అంటున్నాడు జవళి అంగడాయన. పోయొస్తానని చెప్పాను. “సరి సరి, మంచిదప్పా” అన్నారు ఎవరో, తల తిప్పకుండానే.